చిన్న కెమెరా, పెద్ద సంచి: సోనీ ఆల్ఫా 6000 మీద పాఠకుల ప్రశ్నలు

ఈ శీర్షికకు ఇటీవల వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం ఒకే కెమెరా గురించి అడుగుతున్నాయి. సోనీ సంస్థ 2014 ఫిబ్రవరిలో ప్రకటించిన ఆల్ఫా 6000, లెన్సులు మార్చుకునే వీలుండి కూడా ఒక చిన్న చేతిసంచిలో ఇమిడిపోతుంది. కొత్త మోడళ్లకు మారినవారు అమ్మేస్తుండడంతో అది సెకండ్ హ్యాండ్‌లో విరివిగా దొరుకుతోంది. అడిగిన కెమెరా ఒకటే అయినా అడిగిన వారి అవసరాలు ఒకటి కావు కాబట్టి, ఈసారి ఈ ఉత్తరాలకే చోటు ఇచ్చాను.

ప్రశ్న: నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తాను. సెలవుల్లో గుళ్లకు వెళ్లి, శిల్పాలనూ పైకప్పు చిత్రాలనూ ఫొటోలు తీసి, తరగతిలో పిల్లలకు చూపించడం నాకు అలవాటు. ఇంతకాలం ఫోన్‌తోనే తీశాను. లేపాక్షిలో తీసినవాటిని గోడ మీద పెద్దవిగా వేసి చూపిస్తే, రంగులు అలికేసినట్టు కనిపిస్తున్నాయి. తోటి ఉపాధ్యాయుడొకరు తన ఆల్ఫా 6000ను, దానితో వచ్చిన 16-50 లెన్స్‌తో సహా ఇస్తానంటున్నారు. ఇంత పాత కెమెరాను ఇప్పుడు కొనడం తెలివైన పనేనా? దాని మంచిచెడ్డలు వివరంగా చెప్పగలరు.
– ఒక ఉపాధ్యాయుడు, అనంతపురం

సమాధానం: మాస్టారూ, నిరభ్యంతరంగా కొనవచ్చు. అయితే ఆ 16-50 లెన్స్‌కు మాత్రం బేరంలో ఎక్కువ ధర కట్టకండి. ఎందుకో చెప్పే ముందు, మీ ఫొటోల్లో రంగులు అలికినట్టు ఎందుకు కనిపిస్తున్నాయో చూద్దాం.

మండపం లోపల వెలుగు తక్కువ. ఫోన్‌లోని చిన్న సెన్సర్ మీద పడేది అందులో మరీ కొద్ది భాగం. ఆ కొద్దిపాటి సంకేతాన్ని పెంచినప్పుడు బొమ్మ నిండా ఇసుక చల్లినట్టు నాయిస్ కనిపిస్తుంది. దాన్ని తుడిచివేయడానికి ఫోన్‌లోని సాఫ్ట్‌వేర్ పూనుకుంటుంది గానీ, ఏది నాయిస్, ఏది చిత్రకారుడి కుంచె గీత అన్న తేడా దానికి పూర్తిగా తెలియదు కనుక రెండింటినీ కలిపి తుడిచేస్తుంది. ఫోన్ తెర మీద ఆ నష్టం కనబడదు. మీరు గోడ మీద వేసి చూశారు కాబట్టి బయటపడింది. ఆల్ఫా 6000 సెన్సర్ పొడవు 23.5 మిల్లీమీటర్లు, వెడల్పు 15.6 మిల్లీమీటర్లు, ఏపీఎస్-సీ అని పిలిచే ఈ కొలత, పెద్ద సెన్సర్ పెట్టిన ఖరీదైన ఫోన్లతో పోల్చినా వైశాల్యంలో మూడు నుంచి ఐదు రెట్లుంటుంది. మామూలు ఫోన్లతో పోలిస్తే పది రెట్లు దాటవచ్చు. దాని మీద ఉన్న 24.3 మెగాపిక్సెళ్లు మీ తరగతి గోడకే కాదు, పెద్ద పోస్టరుకు కూడా సరిపోతాయి. నా అనుభవంలో ఐఎస్‌ఓ (సంకేతాన్ని ఎంత పెంచాలో చెప్పే అంకె) 1600 వరకు సంకోచం లేకుండా, 3200 వరకు కొంచెం జాగ్రత్తగా ఈ కెమెరాను వాడుకోవచ్చు. 25600 దాకా అంకెలు ఉన్నాయి గానీ, అవి ఉన్నాయని తెలుసుకుంటే చాలు.

ఇంత సెన్సర్‌ను ఇంత చిన్న పెట్టెలో ఎలా పెట్టగలిగారన్నది ఈ తరహా కెమెరాల కీలకం. పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లలో లెన్స్‌కూ సెన్సర్‌కూ మధ్య పైకి లేచి కిందికి దిగే అద్దం ఒకటి ఉంటుంది. దాని కదలికకు చోటు వదలాలి కాబట్టి, లెన్స్ బిగించే అంచు నుంచి సెన్సర్ వరకు నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లో 46.5 మిల్లీమీటర్లు, కెనాన్‌లో 44 మిల్లీమీటర్లు దూరం ఉంటుంది. సోనీ 2010లో మొదలుపెట్టిన ఈ-మౌంట్‌లో (మౌంట్ అంటే లెన్స్ బిగించే ఉంగరం) అద్దమే లేదు కనుక ఆ దూరం 18 మిల్లీమీటర్లకు తగ్గిపోయింది. ఫలితంగా కెమెరా పొడవు 120 మిల్లీమీటర్లు, ఎత్తు 67, మందం 45. బ్యాటరీ, కార్డు కలిపినా బరువు 344 గ్రాములు. 16-50 లెన్స్ మరో 116 గ్రాములు. అంటే మొత్తం కలిపి అర కిలో కూడా లేదు. గుట్టలెక్కి గుళ్లు చూసేవారికి ఇది చిన్న విషయం కాదు.

ఇక లెన్స్ సంగతి. కెమెరా పెట్టెను ఎంత కుదించినా, సెన్సర్ కొలత తగ్గనంతకాలం దాన్ని నింపే వెలుగును తెచ్చే లెన్స్‌ను కొంతవరకే కుదించగలరు. అంతకు మించి కుదించాలంటే ఎక్కడో రాజీపడాలి. 16-50 లెన్స్‌లో ఆ రాజీ రెండు చోట్ల కనిపిస్తుంది. మొదటిది, 16 మిల్లీమీటర్ల దగ్గర, అంటే దృశ్యం అన్నిటికంటే విశాలంగా పడే చోట, అది నిజానికి గీసే బొమ్మ అంచుల్లో పీపాలా ఉబ్బి, మూలల్లో నల్లబడి ఉంటుంది. కెమెరా లోపలి ప్రోగ్రామ్ దాన్ని లాగి సరిచేసి మనకు చూపిస్తుంది. స్తంభాలు నిటారుగానే వస్తాయి, కానీ అలా లాగిన మూలల్లో శిల్పాల సన్నని చెక్కుడు మెత్తబడుతుంది. రెండవది, అది లోనికి తీసుకునే వెలుగు. ఎఫ్ సంఖ్య (ఇది ఎంత తక్కువైతే వెలుగు అంత ఎక్కువ) 16 దగ్గర 3.5, 50కి వచ్చేసరికి 5.6. అదే 50 మిల్లీమీటర్ల దగ్గర ఎఫ్ 1.8 ఉన్న లెన్స్ బిగిస్తే దాదాపు పది రెట్ల వెలుగు లోనికి వస్తుంది. చీకటి గర్భాలయం ముందు నిలబడినప్పుడు కొత్త కెమెరాకూ పాత కెమెరాకూ మధ్య తేడా కంటే, లెన్సుల మధ్య ఉన్న ఈ తేడాయే మీకు ఎక్కువగా తెలుస్తుంది.

ఆ 16-50 లెన్స్‌కు న్యాయం చేయడానికి ఒక మాట కూడా చెప్పాలి. దానిలో చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు ఉంది. కెమెరా బాడీలో మాత్రం అలాంటి ఏర్పాటు లేదు. ఈ మోడల్ లోపాల్లో నేను అన్నిటికంటే పెద్దదిగా భావించేది ఇదే. శిల్పం కదలదు కనుక, వణుకు సర్దుబాటు ఉన్న 16-50తో ఎనిమిదో వంతు సెకను వరకు షట్టర్‌ను తెరిచి ఉంచి కూడా చేతితో పట్టుకుని తీయగలుగుతున్నాను. సర్దుబాటు లేని లెన్స్ బిగిస్తే ఆ ధైర్యం చాలదు. కాబట్టి పైకప్పు చిత్రాలే మీ ప్రధాన అవసరమైతే, కొన్నాళ్లు 16-50తోనే తీసి చూసి, తర్వాత చేత్తో ఫోకస్ చేసే రకం శామ్యాంగ్ 12 మిల్లీమీటర్ల ఎఫ్ 2 లెన్స్ గురించి ఆలోచించండి. దానికి ఆటో ఫోకస్ లేదు, వణుకు సర్దుబాటు లేదు, కానీ ఎఫ్ 3.5తో పోలిస్తే మూడు రెట్ల వెలుగు ఇస్తుంది, చిన్న మండపంలో నిలబడి కూడా కప్పు విశాలంగా పడుతుంది. ఫోకస్ కుదిరిన అంచులను రంగు గీతతో చూపించే సదుపాయం కెమెరాలో ఉంది కాబట్టి చేత్తో ఫోకస్ చేయడం భయపడినంత కష్టం కాదు.

అసలు డబ్బు ఖర్చు లేని మార్గం ఒకటి ఉంది. మండపం మధ్యలో నేల మీద తువ్వాలు మడతపెట్టి పరచి, కెమెరాను వెల్లకిలా దాని మీద పడుకోబెట్టండి. లెన్స్ నేరుగా కప్పును చూస్తుంది. ఐఎస్‌ఓ 100, ఎఫ్ 8 పెట్టి, వణుకు సర్దుబాటును మెనూలో ఆపివేసి, సెల్ఫ్ టైమర్ నొక్కి పక్కకు జరగండి. చేతితో ఎఫ్ 3.5, ఐఎస్‌ఓ 1600 దగ్గర ఎనిమిదో వంతు సెకను పట్టే వెలుగులో, ఈ పద్ధతిలో సుమారు పది సెకన్లు పడుతుంది, అంతే తేడా. ఎఫ్ 8 దగ్గర ఆ లెన్స్ మూలలు కూడా తేరుకుంటాయి. తోటి యాత్రికులు మిమ్మల్ని వింతగా చూస్తారు, ఎవరైనా కెమెరా మీద కాలు వేయకుండా ఒక విద్యార్థిని కాపలా పెట్టుకోవలసి వస్తుంది, కానీ గోడ మీద వేసినప్పుడు చీర అంచుల్లోని నకాషీ కూడా లెక్కపెట్టవచ్చు. ఫ్లాష్ ఊసే వద్దు; పాత రంగులకు అది మేలు చేయదు, ఈ కెమెరాలో ఉన్న బుల్లి ఫ్లాష్ అంత ఎత్తు అందుకోలేదు కూడా.

మిగిలిన లోపాల్లో మీకు తగిలేవి చెబుతాను. కట్టడాలు తీసేవారికి చాలా అవసరమైన లెవెల్ సూచిక, అంటే కెమెరా పక్కకు వాలిందో లేదో చూపేది, దీనిలో లేదు. దీనికి ముందు వచ్చిన నెక్స్-6లో అది ఉండేది, తీసేశారు. కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్‌లోని చుక్కల సంఖ్య కూడా నెక్స్-6లో 23.6 లక్షలుంటే ఇందులో 14.4 లక్షలకు దిగింది. ధర తగ్గించుకోవడానికి ఇలాంటి కోతలు వేశారని అర్థమవుతూనే ఉంటుంది. లెవెల్ లేని లోటును తెర మీద నిలువు అడ్డ గీతలు పెట్టుకుని కొంత పూడ్చుకోవచ్చు. తెర పైకీ కిందికీ వంగుతుంది గానీ తాకితే పలకదు. ఫోన్‌కు అలవాటుపడిన వేలు మొదటి వారమంతా దాన్ని అనవసరంగా పొడుస్తూనే ఉంటుంది. ఎండలో తెర వెలవెలబోతుంది, అప్పుడు వ్యూఫైండర్‌కు కన్ను ఆనించక తప్పదు. బ్యాటరీ, తెర చూస్తూ తీస్తే సుమారు 360 ఫొటోలకు, వ్యూఫైండర్‌తో తీస్తే 310 ఫొటోలకు వస్తుందని ప్రామాణిక పరీక్ష లెక్క. అద్దం లేని కెమెరాలో మనం చూస్తున్నంతసేపూ సెన్సర్, తెర పనిచేస్తూనే ఉంటాయి కాబట్టి, ఫొటో తీయకపోయినా చార్జి తరుగుతుంది. ఒకసారి రామప్పకు ఒకే బ్యాటరీతో వెళ్లి, మదనికల దగ్గరే సగం ఖాళీ చేసుకుని, లోపలి రంగమండపాన్ని కళ్లతో మాత్రమే చూసి వచ్చాను. రెండు బ్యాటరీలు ఉంచుకోండి, విడి చార్జర్ కూడా కొనండి. కొత్తగా కొన్నప్పుడు పెట్టెలో వచ్చేది తీగతో కెమెరాలోనే చార్జి చేసే అడాప్టర్, ఆ సమయంలో కెమెరా వాడుకోలేరు.

ఈ కెమెరా పేరు మోగడానికి కారణమైన ఆటో ఫోకస్ వేగం గురించి నేను ఇంతవరకు ఎత్తకపోవడం మీరు గమనించే ఉంటారు. రాతి నందిని తీయడానికి దానితో పనిలేదు. దాని అవసరం ఉన్నవారి ఉత్తరం కింద ఉంది.

ప్రశ్న: ఉప్పలపాడు మా ఊరికి దగ్గర. అక్కడి చెరువుల్లో చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి. ఎగిరే పక్షులను తీయాలని కోరిక. సెకనుకు 11 ఫొటోలు తీస్తుందని, ఫోకస్ చాలా వేగమని ఈ కెమెరాను అందరూ పొగుడుతున్నారు. ఇది పక్షులకు సరిపోతుందా? ఏ లెన్స్ కొనాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: పొగడ్త ఉత్తిది కాదు. సెన్సర్ మీదే అమర్చిన 179 ఫోకస్ బిందువులు ఫ్రేములో దాదాపు మూలల వరకు పరుచుకుని ఉంటాయి. 2014లో ఈ ధరలో అలాంటిది మరొకటి లేదు. పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లలో బిందువులు మధ్యలో గుంపుగా ఉండేవి, పక్షి అంచుకు జరిగితే చేజారిపోయేది. ఆకాశం నేపథ్యంగా నెమ్మదిగా రెక్కలాడిస్తూ వచ్చే గూడబాతును ఈ కెమెరా చక్కగా పట్టుకుంటుంది. అదే పక్షి కొమ్మల మధ్యకు దిగుతున్నప్పుడు మాత్రం, ఫోకస్ పక్షిని వదిలి కొమ్మను పట్టుకోవడం తరచుగా జరుగుతుంది. అటువంటప్పుడు అన్ని బిందువులనూ దాని ఇష్టానికి వదలకుండా, జోన్ పద్ధతిలో ఫ్రేములో ఒక భాగానికే కట్టడి చేయడం మంచిది. 2019లో వచ్చిన ఆల్ఫా 6400లో బిందువులు 425కు పెరగడమే కాక, పట్టుకున్నదాన్ని వదలకుండా వెంబడించే తెలివి కూడా బాగా పెరిగింది. పక్షులే మీ ప్రాణమైతే, రెండింటి మధ్య ధర తేడా దీనికోసం భరించదగినదే.

సెకనుకు 11 అన్న అంకెను కాస్త విడమరచి చూడండి. రా ఫైళ్లు (కెమెరా సరిదిద్దని ముడి ఫైళ్లు) తీస్తుంటే సుమారు రెండు సెకన్లలో కెమెరా లోపలి తాత్కాలిక జ్ఞాపకం నిండిపోతుంది, ఆ పైన వేగం పడిపోతుంది. జేపెగ్‌లో అయితే నాలుగు సెకన్లు దాటి నడుస్తుంది. కార్డు మీద రాయడం పూర్తయ్యే వరకు కొన్ని మెనూలు తెరుచుకోవు. ఇంకొకటి, ఆ వేగంలో వ్యూఫైండర్‌లో మీరు చూసేది జరుగుతున్నది కాదు, అప్పుడే తీసిన ఫొటో. ఎగిరే పక్షిని ఫ్రేములో నిలుపుకోవడం దానివల్ల కష్టమవుతుంది. వేగాన్ని ఒక మెట్టు తగ్గించి తీయమని నా సలహా. షట్టర్ చప్పుడును పూర్తిగా ఆపే సదుపాయం ఈ మోడల్‌లో లేదని కూడా గుర్తుంచుకోండి. గూళ్ల దగ్గర కంటే సంగీత కచేరీల్లో ఇది ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

లెన్స్ దగ్గరకు వచ్చేసరికి ఈ కెమెరా చిన్నదనం కరిగిపోతుంది. సోనీ 55-210 లెన్స్ చవక, బరువు 345 గ్రాములే. ఏపీఎస్-సీ సెన్సర్ మీద దాని కోణం ఫుల్‌ఫ్రేమ్ (పాత ఫిల్ము ఫ్రేమంత పెద్ద సెన్సర్) లెక్కలో 315 మిల్లీమీటర్ల వరకు వెళుతుంది. ఉప్పలపాడులో పక్షులు మనుషులకు అలవాటుపడి, గట్టుకు దగ్గరగానే కూర్చుంటాయి కాబట్టి మొదలుపెట్టడానికి అది చాలు. కొల్లేరుకో నేలపట్టుకో వెళితే చాలదు. అప్పుడు కావలసింది 2019లో వచ్చిన 70-350 లెన్స్. బొమ్మ చాలా పదునుగా ఇస్తుంది, 525 మిల్లీమీటర్లకు సమానమైన కోణం ఇస్తుంది, వణుకు సర్దుబాటు కూడా ఉంది. కాని దాని బరువు 625 గ్రాములు, సెకండ్ హ్యాండ్ ఆల్ఫా 6000 కంటే దాని ధర బాగా ఎక్కువ. ఆ లెన్స్ బిగించాక కెమెరాను చేత్తో పట్టుకోవడం కాక, లెన్స్‌ను ఎడమ అరచేతిలో మోస్తూ దాని చివర ఉన్న కెమెరా మీట నొక్కుతున్నట్టు ఉంటుంది. కెమెరా పిడి లోతు తక్కువ. గంటసేపు అలా నిలబడితే కుడిచేతి చిటికెన వేలికి ఆనుకునే చోటు దొరకక నొప్పెడుతుంది. చిన్నదని ముచ్చటపడి కొన్నవారు చివరకు పెద్ద సంచి కొనుక్కోవడం నేను చాలాసార్లు చూశాను.

ప్రశ్న: నేను ఇంట్లో వంటల వీడియోలు తీసి పెడుతుంటాను. మా తమ్ముడి దగ్గర ఆల్ఫా 6000 ఉంది, వాడుకోమంటున్నాడు. ఫోన్ కంటే ఇది మేలా?
– ఒక గృహిణి, నిజామాబాద్

సమాధానం: తమ్ముడిదే కాబట్టి వాడి చూడండి, కానీ ఈ పనికోసం దీన్ని డబ్బు పెట్టి కొనవద్దు. బయటి మైకు పెట్టుకునే మామూలు రంధ్రం దీనికి లేదు, తెర మీ వైపు తిరగదు, 4కె లేదు, ఒక క్లిప్పు 29 నిమిషాల దగ్గర ఆగిపోతుంది. పోపు వేస్తూ మాట్లాడేవారికి మొదటి లోపం ఒక్కటే చాలు. ఇదే లెన్సులు, ఇదే బ్యాటరీ పట్టే జెడ్‌వీ-ఈ10 అనే మోడల్‌ను సోనీ 2021లో తెచ్చింది. దానిలో మైకు రంధ్రం, పక్కకు తిరిగే తెర, 4కె ఉన్నాయి. వ్యూఫైండర్ లేదు, మీకు అది అక్కరలేదు.

ప్రస్తుతానికి వాడుకునేటట్టయితే ఒక్క జాగ్రత్త. వంటగది ట్యూబులైటు కింద వీడియోలో నల్లని పట్టీలు పాకినట్టు కనిపిస్తే కెమెరా పాడైందనుకోకండి. మన దేశంలో కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలు, దీపం సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది. షట్టర్ వేగాన్ని 1/50 వద్ద గానీ 1/100 వద్ద గానీ ఉంచితే పట్టీలు పోతాయి.

ప్రశ్న: ఆల్ఫా 6000 కంటే తర్వాత వచ్చిన కెనాన్ ఎం50 నాకు దాదాపు అదే ధరకు దొరుకుతోంది. దానికి తాకే తెర ఉంది, మైకు పెట్టుకోవచ్చు. అయినా అందరూ సోనీయే కొనమంటున్నారు. కారణం ఏమిటి?
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్

సమాధానం: కారణం కెమెరాలో లేదు, దాని ముందున్న ఉంగరంలో ఉంది. ఎం50 కెనాన్ 2018లో తెచ్చిన కెమెరా. 24.1 మెగాపిక్సెళ్లు, పక్కకు తెరుచుకుని ముందుకు తిరిగే తాకు తెర, మైకు రంధ్రం, అర్థమయ్యే మెనూలు ఉన్నాయి. చేతిలో పట్టుకుంటే ఆల్ఫా 6000 కంటే హాయిగా ఉంటుందన్నది నా అభిప్రాయం. సోనీ మెనూల్లో ఒక సదుపాయం వెతకడమంటే పాత ఇంటి అటకమీద జాడీ వెతకడమే. ఎం50లో 4కె ఉందని పెట్టె మీద రాసి ఉన్నా, ఆ పద్ధతిలో ఫ్రేము బాగా కోసుకుపోతుంది కనుక దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

అయితే ఎం50 లెన్సులు బిగించే ఈఎఫ్-ఎం మౌంట్‌కు వారసులు లేరు. ఆ మౌంట్ కోసం కెనాన్ స్వయంగా తయారుచేసినవి ఎనిమిదే లెన్సులు. ఎం50 వచ్చిన 2018లోనే కెనాన్ ఆర్‌ఎఫ్ అనే వేరే మౌంట్‌ను మొదలుపెట్టి, 2022 నుంచి చిన్న కెమెరాలను కూడా అందులోనే తేవడంతో, ఎం శ్రేణి ఆగిపోయింది. లెన్స్ అంచు నుంచి సెన్సర్‌కు దూరం ఈఎఫ్-ఎంలో 18 మిల్లీమీటర్లు, ఆర్‌ఎఫ్‌లో 20 కావడంతో, పాత లెన్స్‌ను కొత్త కెమెరాకు తగిలించే మామూలు అడాప్టర్ కూడా సాధ్యం కాదు. చిన్న కెమెరాల చరిత్రలో ఇది కొత్త కాదు. 2011లో వచ్చిన నికాన్ 1 శ్రేణి 2018లో ముగిసింది. శామ్‌సంగ్ ఎన్‌ఎక్స్ శ్రేణి మంచి కెమెరాలు తెచ్చి కూడా మధ్యలో దుకాణం కట్టేసింది. ఆ లెన్సులు ఇప్పటికీ పనిచేస్తాయి, వాటికి కొత్త కెమెరా మాత్రం రాదు. సోనీ ఈ-మౌంట్ 2010 నుంచి నేటివరకు మారలేదు, 2013లో ఫుల్‌ఫ్రేమ్ ఆల్ఫా 7ను కూడా అదే ఉంగరంతో తెచ్చారు. మీరు ఈ రోజు కొన్న లెన్స్ రేపటి కెమెరాకూ పడుతుంది.

ఇంత చెప్పాక కూడా, అందరూ చెప్పారని సోనీయే కొనమని నేను అనను. చదువు అయ్యేదాకా కెమెరాతో వచ్చే కిట్ లెన్స్, దానితోపాటు ఇంకొక్క లెన్స్, అంతకు మించి కొనే ఉద్దేశం మీకు లేకపోతే మౌంట్ భవిష్యత్తుతో మీకు పనిలేదు. సిగ్మావారి 16, 30, 56 మిల్లీమీటర్ల ఎఫ్ 1.4 లెన్సులు ఎం50కి కూడా వచ్చాయి. వీడియో, ఫొటో రెండూ తీస్తారనుకుంటే మీ పరిస్థితిలో నేనైతే ఎం50నే తీసుకుంటాను. ఫొటోగ్రఫీని వృత్తిగా చేసుకునే ఆలోచన ఉంటే మాత్రం ఈ-మౌంట్ వైపు వెళ్లండి.

ప్రశ్న: మా బావ టోక్యోలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ సెకండ్ హ్యాండ్ ఆల్ఫా 6000లు బాగా చవకగా, కొత్తవాటిలా ఉంటున్నాయని చెప్పాడు. తెప్పించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

సమాధానం: జపాన్‌లో అమ్మకానికి చేసిన సోనీ కెమెరాల్లో మెనూ సాధారణంగా జపాన్ భాషలో మాత్రమే ఉంటుంది, మార్చుకునే వీలుండదు. భాషల పట్టికలో ఇంగ్లిష్ ఉందో లేదో మీ బావగారిని దుకాణంలోనే చూడమనండి. లేకపోతే బాడీని వదిలేసి లెన్స్ తెమ్మనండి, దానికి భాషతో పనిలేదు.

ప్రశ్న: నా ఆల్ఫా 6000ను ఆరు నెలలుగా తోలు సంచిలో పెట్టి బీరువాలో ఉంచాను. ఇప్పుడు తీసి చూస్తే లెన్స్ లోపల సాలెగూడులాంటి సన్నని దారాలు కనిపిస్తున్నాయి. ఇది బాగవుతుందా? వేరే లెన్స్ సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు ఏం చూడాలి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: అది ఫంగస్. సముద్రపు గాలి తేమ, చీకటి, గాలి ఆడని తోలు సంచి మూడూ కలిస్తే మన కోస్తా ఊళ్లలో ఒక్క వానాకాలం చాలు. పైపైన ఉన్నప్పుడు మెకానిక్ విప్పి తుడవగలడు. మోటారుతో నడిచే 16-50 లాంటి లెన్స్‌ను విప్పి బిగించే కూలి, తరచుగా మరో పాత లెన్స్ ధరకు దగ్గరగా వస్తుంది కాబట్టి ముందుగా ఎంతవుతుందో కనుక్కోండి. ఫంగస్ పట్టిన లెన్స్‌ను మిగిలినవాటితో కలిపి ఒకే డబ్బాలో ఉంచవద్దు.

ఇకమీదట తోలు సంచి మానేయండి. గాలి చొరని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు, పది రూపాయల డబ్బా కాకుండా రబ్బరు అంచున్న మంచి డబ్బా, ఇవి చాలు. తేమ కొలిచే చిన్న మీటర్ దొరికితే లోపల పెట్టి, ముల్లు 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. జెల్ రంగు మారగానే వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. కెమెరాను బియ్యం డబ్బాలో దాచమని చెప్పేవారు ఇంకా ఉన్నారు. బియ్యంలో దాని తేమ దానికుంటుంది, పైగా పిండి దుమ్ము లెన్స్ సందుల్లో చేరుతుంది. అన్నిటికంటే మంచిది, వారానికి ఒకసారైనా బయటకు తీసి వాడడం.

సెకండ్ హ్యాండ్ లెన్స్‌ను పగటిపూట చూడండి. రెండు మూతలూ తీసి, వెనక నుంచి ఫోన్ టార్చి వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూస్తే ఫంగస్ దారాల్లా, పొగమంచులా కనబడుతుంది. నాలుగు దుమ్ము కణాలు ఉంటే పట్టించుకోవద్దు, అవి ఫొటోలో పడవు. 16-50 అయితే కెమెరాను పదిసార్లు ఆన్ చేసి ఆపండి. లెన్స్ ప్రతిసారీ తడబడకుండా బయటకు వచ్చి లోపలికి వెళ్లాలి. సముద్రతీరంలో వాడినదైతే లోపల ఇసుక గరగరమంటుంది, ఆ చప్పుడు వినిపిస్తే ఎంత తగ్గించినా తీసుకోవద్దు.

బాడీని కూడా కలిపి కొనేటట్టయితే, ఎఫ్ 22 పెట్టి తెల్లగోడను కావాలనే ఫోకస్ తప్పించి ఒక ఫొటో తీసి, తెర మీద పెద్దది చేసి చూడండి. సెన్సర్ మీది మచ్చలు నల్లని చుక్కల్లా తేలతాయి. చుక్కలు ఊడ్చేస్తే పోయేవే, కానీ గీత కనిపిస్తే అది ఎవరో బట్టతో తుడిచిన ఫలితం. ఎన్నిసార్లు షట్టర్ పడిందో కెమెరా మెనూ చెప్పదు. దానితో అప్పుడే తీసిన ఒక ఫొటో ఫైలును కాపీ చేసుకుని, ఇంటికి వెళ్లి ఆ అంకె చదివే ప్రోగ్రామ్‌లో చూసుకుని, మర్నాడు డబ్బు ఇవ్వండి. అమ్మేవారు ఫైలు ఇవ్వడానికి తటపటాయిస్తే మరొకరిని వెతుక్కోండి, ఈ మోడల్‌కు కొరత లేదు.